పిప్పరమెంట్ల కంపెనీలో పెళ్లిళ్ల లెక్క

కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ లోకమంతా చాటేది. ఆఖరికి నాకు ఉద్యోగం ఇవ్వబోతున్న సేటు ముందు కూడా ఆ మాట దాచలేదు. కాటేదాన్‌లో పిప్పరమెంట్ల కంపెనీ ఆయనది. అమ్మ ఇంటర్వ్యూకి నా వెంట వచ్చి, నాకంటే ముందు కుర్చీలో కూర్చుని, "మా పిల్లకు చదువు మంచిగొస్తది సేటూ, కోపం గూడ గంతనే" అంది. ఆయన నవ్వి, "గట్లనే ఉండాలె. మావోళ్లకు జర భయం ఉంటది" అన్నాడు. నా డిగ్రీ, అత్తాపూర్‌లో ఒక మేడ మీద గదిలో నేర్చుకున్న కంప్యూటరు, మా చర్చి పాస్టరుగారు రాసిచ్చిన మంచి నడవడి కాగితం, వీటిలో ఏదీ ఆయన అడగలేదు. ఆ ఉద్యోగం నా కోపానికే వచ్చిందని ఇప్పటికీ నా నమ్మకం.

తొంభైల మాట ఇది. మాది శంషాబాద్. ఇప్పుడంటే మా ఊరి పేరు చెబితే విమానాలంటారు గానీ, అప్పుడు ఆకాశంలో విమానం పోతుంటే మేమూ తలెత్తి చూసేవాళ్లమే. నాన్న లేడు. అమ్మ దవాఖానలో ఆయాగా చేసి చేసి మోకాళ్లు పోగొట్టుకుంది. నాకు ఉద్యోగం వచ్చిన రోజే "ఇగ నా వల్ల కాదు బిడ్డా" అని పని మానేసింది. కాబట్టి ఆ ఉద్యోగం నాకు సరదా కాదు. అది ఉంటే మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, లేకపోతే అమ్మ మళ్లీ ఆ మోకాళ్లతో మెట్లెక్కాలి.

కంపెనీలో నన్ను కూర్చోబెట్టిన చోటును టైం ఆఫీసు అనేవారు. గేటు పక్కన కిటికీ ఉన్న చిన్న గది. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు పని మానేశారు అన్నది చూసుకోవడం నా పని. నా ఎదురుగా పొడుగాటి హాలు. అందులో ఆడవాళ్లు బల్లల చుట్టూ కూర్చుని పిప్పరమెంట్లకు రంగు కాగితం చుట్టి, రెండు పక్కలా మెలి తిప్పేవారు. చూడ్డానికి పిల్లలాటలా ఉంటుంది గానీ ఆ మెలి చేతికి రావడానికి చాలా రోజులు పడుతుంది. ఎక్కువ తిప్పితే కాగితం చిరుగుతుంది, తక్కువ తిప్పితే ఊడుతుంది. చెయ్యి తిరిగిన మనిషి మానేస్తే కొత్త మనిషి పాడుచేసినవన్నీ మళ్లీ పాకంలోకి పోయేవి.

మానేసేవాళ్లకు కొదవ లేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టే పోయేవారు. నేను మొహాలు గుర్తుపట్టేలోపు ఆ మొహాల చోట వేరే మొహాలుండేవి.

నేను చేరిన ఎండాకాలంలోనే సేటు నన్నూ మేనేజరుగారినీ పిలిచాడు. ఆయన బల్ల అద్దం కింద ఒక యంత్రం ఫోటో ఉండేది. ఇంట్లో దేవుడి పటాన్ని చూసినట్టు దాన్ని చూసేవాడు. "గా హాలు మొత్తం చేసే పని ఇదొక్కటి చేస్తది. లగ్గాలకు పోదు, జ్వరం రాదు" అన్నాడు. "వానకాలం అయ్యేదాక చూస్త. మనుషులు నిలబడితె సరే. లేకుంటె యంత్రం తెస్త. హాలు ఉండది. హాలు లేకుంటె..." అని నా వంక చూసి ఊరుకున్నాడు. మిగతాది నేనే పూర్తి చేసుకున్నాను.

మేనేజరుగారు కోస్తా వైపు మనిషి. 'అండీ' లేకుండా ఆయన నోట మాట వచ్చేది కాదు. గేటు దగ్గర పడుకున్న కుక్కను కూడా "కాస్త పక్కకు జరగండి" అనేవారు. ఆయనకు రెండే నమ్మకాలు. ఒకటి, అబద్ధం ఆడకూడదు. రెండు, వివరాలుంటే లోకంలో తేలని సంగతి లేదు. "ఎందుకు వెళ్లిపోతున్నారో ఒక్కొక్కరినీ అడగండి. చెప్పింది చెప్పినట్టు కంప్యూటర్లో ఎక్కించండి. అదే మనకు దారి చూపిస్తుందండీ" అన్నారు.

కంపెనీ మొత్తానికి ఒకటే కంప్యూటరు. దానికి పూల గుడ్డ కప్పి, దాని గదికి మాత్రమే ఏసీ పెట్టించి, గుమ్మం బయట చెప్పులు విప్పించేవారు. నేను వట్టి కాళ్లతో, చలికి వణుకుతూ, వయసు, ఊరు, పనిలో చేరిన నెల, ఎవరి వెంట చేరారు, ఎందుకు పోయారు అని గడులు కట్టాను. ఇక అడగడం మొదలుపెట్టాను.

"ఎందుకు ఇడుస్తున్నవ్ అక్కా పని?"

"లగ్గమున్నది చెల్లె."

"ఎవరిది?"

"మా మరదలిది."

తర్వాతామెకు అక్క కూతురి లగ్గం. ఆ తర్వాతామెకు ఆడబిడ్డది. ఇంకొకామె ఆలోచించడానికి ఓపిక లేక "నాదే" అంది. ఆమె చంకలో ఒక పిల్ల, కొంగు పట్టుకుని ఇంకో పిల్ల. "మరి వీళ్లెవరు?" అన్నాను. "లగ్గానికి వచ్చిన్రు" అంది, కన్నార్పకుండా.

పెళ్లి కాకపోతే చావు. మేనమామలు, పెద్దమ్మలు, అత్తలు వరుసబెట్టి పోయేవారు. ఒకామెను పట్టుకుని, "పోయిన సారి పని ఇడిశినప్పుడు గూడ మేనమామనే సచ్చిపోయిండన్నవ్ గద!" అని కసిరాను. "గా మేనమామ వేరే అక్కా. గాయిన మంచోడు" అంది. ఈ మేనమామ మంచోడు కాదని అప్పుడు తెలిసింది.

నాకు ఒళ్లు మండిపోయేది. మా ఇంటి పొయ్యి వీళ్ల నోటి మాట మీద ఆధారపడి ఉంటే వీళ్లు నాతో పరాచికాలాడుతున్నారని కిటికీలోంచి అరిచేదాన్ని. వాళ్లు మర్యాదగా తలూపి, "పొయ్యొస్త చెల్లె, కోపం జెయ్యకు" అని, గేటు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి నవ్వి వెళ్లిపోయేవారు.

మేనేజరుగారు మాత్రం మురిసిపోయారు. ప్రింటరు కీచుమంటూ వదిలిన కాగితం మీది గ్రాఫులో పెళ్లిళ్ల గడి కోట బురుజులా లేచి ఉంది. పక్కనే చావుల గడి, కాస్త పొట్టిగా. "చూశారా, ఎంత స్పష్టంగా ఉందో! కారణం పెళ్లిళ్లేనండీ" అన్నారు.

"సార్, ఒకామె తన పెండ్లే అన్నది. ఆమెకు ఇద్దరు పిల్లలు" అన్నాను.

"మనం మధ్యలో అనుమానాలు పెట్టకూడదండీ" అన్నారాయన.

ఆ కాగితంలో ఇంకో సంగతి కూడా ఉంది. శంషాబాద్‌లో మా ఇంటికి నాలుగు సందుల అవతల ఖాలా ఉండేది. హాల్లో అందరికంటే పెద్దది. సొంత పేరు అందరూ మరిచిపోయి పిన్నమ్మ వరుసతో ఖాలా అనే పిలిచేవారు. ఆమె, ఆమె వెంట చేరిన ముస్లిం ఆడవాళ్లు దాదాపుగా ఎవరూ మానలేదు. అదే బల్ల దగ్గర, అదే జీతానికి, వాళ్ల పక్కనే కూర్చున్న మిగతావాళ్లు మాత్రం నిలవడం లేదు. ఇదేంటని మేనేజరుగారిని అడిగితే గడ్డం గీక్కుని, "వాళ్లలో పెళ్లిళ్లు తక్కువేమోనండీ" అన్నారు. ఖాలా ఇంట్లో ఏడాదికో షాదీ. ప్రతిదానికీ మాకు బిర్యానీ వచ్చేది, ఆయనా తిన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాళ్లతో ఏం వాదిస్తాం?

ఆయన పెళ్లిళ్లకు విరుగుడు కనిపెట్టారు. పెళ్లికని వెళ్లి, శుభలేఖ చూపించి, మళ్లీ పనిలో చేరినవాళ్లకు కంపెనీ తరఫున ఒక స్టీలు బిందె. సేటు ఒప్పుకున్నాడు. నోటీసు అంటించారు. చదువు రానివాళ్లకు నేనే కిటికీలోంచి చదివి వినిపించాను.

అప్పటిదాకా మానెయ్యాలన్న ఊహే లేని మనుషులకు కూడా ఆ వారం నుంచి బంధువులందరూ పెళ్లీడుకు వచ్చేశారు. శుభలేఖలు కిటికీలోంచి వానలా కురిశాయి. కొన్ని వాడిపోయి, మడతల దగ్గర చిరిగి, తారీకు ఉన్న చోట పసుపు పూసి ఉండేవి. మా పాస్టరుగారి అబ్బాయి పెళ్లి పత్రిక వేర్వేరు ఊళ్ల ఆడవాళ్ల చేతుల్లో నాకే మూడుసార్లు వచ్చింది. ఆ పెళ్లిలో నేనే పాట పాడాను. పత్రిక తెచ్చినవాళ్లు రెండు రోజులు కనబడకుండా పోయి, మూడో నాడు బిందె చంకనెత్తుకుని ఇంటికి పోయేవారు. ఖాలా వర్గం కూడా ఇక లాభం లేదని పెళ్లిళ్లు మొదలుపెట్టింది.

బిందెల దుకాణం నుంచి బిల్లు రాగానే సేటు గావుకేక పెట్టాడు. "నేను పిప్పరమెంట్ల కంపెనీ పెట్టిన్నా, బిందెల దుకాణం పెట్టిన్నా?" ఆ కేకకు గేటు దగ్గర కుక్క కూడా పక్కకు జరిగింది. మేనేజరుగారు మాత్రం "పెళ్లిళ్ల సంగతి తర్వాత చూద్దాం, ముందు చావుల మీద దృష్టి పెడదామండీ" అన్నారు. అప్పటికి వానలు మొదలైపోయాయి. నాకు రాత్రిళ్లు అమ్మ మోకాళ్లే కలలోకి వస్తున్నాయి.

సరిగ్గా అప్పుడే మా హాల్లో అందరికంటే చెయ్యి చురుకైన మంఖాల్ ఊరి అమ్మాయి అత్త చనిపోయిందని చెప్పి మానేసింది. ఆమె చేతులు ఎంత వేగమంటే, కాగితం ఎప్పుడు తీసిందో కనబడేది కాదు. "ఇలాంటి వారి కష్టంలో కంపెనీ పాలుపంచుకుంటే విశ్వాసం పెరుగుతుంది. పరామర్శకు వెళదాం రండి" అన్నారు మేనేజరుగారు. కంపెనీ వ్యాను తీశారు. దాని రెండు పక్కలా నవ్వుతున్న పిప్పరమెంటు బొమ్మ. మేనేజరుగారు తెల్ల చొక్కా వేసుకుని, ఒడిలో చామంతుల దండ పెట్టుకుని కూర్చున్నారు. శ్రీశైలం రోడ్డు మీద పిల్లలు వ్యాను వెంట పరిగెత్తుతుంటే ఆయన తల ఇంకా కిందికి దించుకున్నారు.

ఇంటి అరుగు మీద ఒక పెద్దామె కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. మేనేజరుగారు చెప్పులు విప్పి, చేతులు జోడించి, గొంతు తగ్గించి, "ఈ ఇంట్లో పెద్దావిడ కాలం చేశారని తెలిసి వచ్చామండీ" అన్నారు.

"ఏ పెద్దామె?"

"ఈ ఇంటి అత్తగారండీ."

ఆమె గింజలు తీయడం ఆపింది. "ఈ ఇంటికి అత్తను నేనే" అంది.

ఆమె చూపు మేనేజరుగారి చేతుల మీద పడింది. "మరి గా దండ ఎవలికి?"

అబద్ధం ఆడడం రాని మనిషి ఏం చేస్తాడు? "మీకేనండీ" అన్నారు.

నాకు నవ్వు తన్నుకొచ్చి గోడ వైపు తిరిగాను. ఆ పెద్దామె మాత్రం నవ్వలేదు, తిట్టలేదు. దండ అందుకుని, పూలు తాజావో కాదో వాసన చూసి, లోపలికి కేకేసింది. "ఓ పొల్లా! మీ కంపెనీ సారొచ్చిండు. నేను సచ్చిన అని చెప్పినవట. ఎప్పుడు సచ్చిన్నో జర నువ్వే చెప్పు!"

మంఖాల్ అమ్మాయి చంటిబిడ్డను ఎత్తుకుని బయటికి వచ్చింది. నన్ను చూసి తలుపు చాటుకు పోయింది. నాకు కోపం ఆగలేదు. "సిగ్గు లేదా? నిక్షేపంలా ఉన్న మనిషిని సంపుతవా? నిజం చెప్తె నీ సొమ్మేం పోతది?" అని వాకిట్లో నిలబడి అరిచాను.

"దాన్నెందుకు ఒర్లుతవ్?" అంది పెద్దామె. "గట్ల చెప్పుమన్నది నేనే."

"నువ్వా? ఎందుకు?"

"ఎందుకంటె? పొద్దుగూకినంక ఇంటికొస్తది. నెత్తి నిండ శక్కర పిండి. గిట్ల పండుకున్నదా, చీమలు బారు గట్టి వస్తయ్. పక్కల పసిపిల్ల. పిల్ల చెవుల చీమ వోతె ఎవలది జిమ్మ, ఎవలు జవాబు చెప్పాలె? సరె, తలకు పోసుకోని పండుకో అన్న. రోజు సందెయాళ తలకు పోసుకోవట్టె. ఊల్లె ఏమంటరు? ఎవలన్న సస్తె మట్టికి వోయొచ్చి పోసుకుంటరు గని, ఉత్తగ ఎవలు పోసుకుంటరు గా యాళకు? 'ఏమాయె, ఎవలు సచ్చిన్రు మీ ఇంట్ల?' అని పక్కింటోళ్లు రోజు అడుగుడే. నాకు యాష్టకొచ్చింది. నేనే సచ్చిన అని చెప్పి ఇడిశి రా అన్న. తప్పా?"

మేనేజరుగారు వెళ్లి అరుగు మీద ఆమె పక్కనే కూర్చున్నారు.

పిప్పరమెంట్లు ఒకదానికొకటి అంటుకోకుండా హాల్లో వాటి మీద చక్కెర పొడి చల్లుతారు. అది గాల్లో లేచి అందరి తలల మీదా పడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు, మేనేజరుగారికి తెలుసు. ఆ తలలు సాయంత్రం ఏ ఇంటికి పోతాయో, ఆ ఇంట్లో ఏమవుతుందో మా గడుల్లో ఎక్కడా లేదు. ఖాలావాళ్లు ఎందుకు నిలిచారో కూడా నాకు అక్కడే, ఆ వాకిట్లోనే వెలిగింది. వాళ్లు నెత్తి మీది దుపట్టా చెవుల దాకా బిగించి కట్టుకుని పనిచేస్తారు. మిగతావాళ్లు ఉక్కకు కొంగు తీసి నడుముకు దోపుకుంటారు.

తిరిగి వస్తూ, వ్యాను దాకా సాగనంపడానికి వచ్చిన అమ్మాయిని అడిగాను. "చీమలని మాకే చెప్తె అయిపోవు గద?"

"ఎట్ల చెప్పాలె అక్కా? అన్నం పెట్టే జాగల తప్పు తీసినట్టుంటది" అంది. "లగ్గమని, సావని చెప్తె ఎవలికీ బాధ ఉండది. మల్ల రాబుద్ధయితె మొకం చెల్తది."

ఇన్నాళ్లూ వాళ్లు నాతో పరాచికాలాడుతున్నారనుకున్నాను. నా మనసు నొప్పించకూడదని వాళ్లు చుట్టాలందరినీ చంపుకుంటున్నారు.

సేటు చీమల సంగతి విని, బిందెల బిల్లును తలుచుకుని, దీనికి విరుగుడు చవకేనన్నాడు. హాలు వెనక నల్లాలు పెట్టించారు. చీరె మీద వేసుకోవడానికి పొడుగాటి కోటు, తలకు చుట్టుకోవడానికి గుడ్డ. సాయంత్రం రెండూ అక్కడే విప్పేసి, కాళ్లూ చేతులూ కడుక్కుని ఇంటికి పోవచ్చు. మేనేజరుగారు స్వయంగా పోయి ఒక తాను గుడ్డ కొనుక్కొచ్చారు, తళతళలాడే తెల్లటిది. హాలు మొత్తం బల్లల దగ్గర నుంచి లేచి నిలబడింది.

"నెత్తికి తెల్ల గుడ్డ చుట్టుకునుడా? మా మొగోళ్లు బతికే ఉన్నరు సార్!"

ఆయన నాలుక కరుచుకుని, గుడ్డ వెనక్కి ఇస్తే దుకాణంవాడు తీసుకోకపోయేసరికి, దాన్ని పిప్పరమెంట్లలో కలిపే రంగులోనే అద్దించారు. ఎరుపు, ఆకుపచ్చ, నారింజ. చెమటకు ఆ రంగు దిగి నెలపాటు మా వాళ్ల నుదుళ్లన్నీ నారింజగా ఉన్నాయి. ఆరాంఘర్ దగ్గర బస్సు కండక్టరు "ఏ జాతరకు పోయొస్తున్నరమ్మా?" అని రోజూ అడిగేవాడు.

కానీ జనం నిలబడ్డారు. మంఖాల్ అమ్మాయి తిరిగి వచ్చింది, ఆమె వెంట ఆ ఊరి నుంచి ఇంకా కొందరు వచ్చారు. చచ్చిన మేనమామలంతా లేచి కూర్చున్నారు. దసరా పోయింది, దీపావళి పోయింది, నా కిటికీ దగ్గరికి వచ్చి పని మానేస్తానన్నవాళ్లు లేరు. సేటు బల్ల అద్దం కింద నుంచి యంత్రం ఫోటో తీసేశాడు. నేను ఇంటికి మైసూరుపాకు కొనుక్కుపోయాను. అమ్మ మోకాళ్లకు నూనె రాసుకుంటూ, "కోపం తగ్గిందే నీకు" అంది.

క్రిస్మస్ దగ్గర పడుతుండగా సేటు నన్ను పిలిచాడు. చాలా ప్రేమగా మాట్లాడాడు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

"మంచి పని జేసినవమ్మా. ఇగ పోయేటోళ్లు లేరు. పోయేటోళ్లు లేకుంటె లెక్క ఏముంటది? హాజరీ వాచ్‌మన్ గూడ వేస్తడు. నెలాఖరు దాక ఉండు. నీకు మంచి సర్టిఫికెట్ రాసిస్త."

అరవడానికి నోరు తెరిచాను. ఆయన అన్నదాంట్లో తప్పు వెతికాను, దొరకలేదు. వచ్చి నా కిటికీ దగ్గర కూర్చున్నాను. మర్నాడంతా ఎవరినీ కసరలేదు. ఆలస్యంగా వచ్చినవాళ్లను కూడా ఏమీ అనలేదు. దాంతో హాలుకు భయం పట్టుకుంది. ఒకామె వచ్చి నుదురు ముట్టుకుని చూసింది. మధ్యాహ్నం ఖాలా వచ్చి, "ఏమైంది బేటీ? ఒక్క తిట్టు గూడ లేదు ఈ రోజు" అంది. అంతే, ఏడ్చేశాను. మొత్తం చెప్పేశాను. అమ్మకు ఎలా చెప్పాలో తెలియడం లేదని కూడా చెప్పాను. ఆమె విని, నా తల మీద చెయ్యి వేసి, హాల్లోకి వెళ్లిపోయింది.

తెల్లారి నేను కిటికీ తెరిచేసరికి బయట ఆడవాళ్ల బారు. ముందు ఖాలా. వెనక మంఖాల్ అమ్మాయి. ఆ వెనక హాలు సగం.

"ఏంది ఇదంత?" అన్నాను.

"పని ఇడుస్తున్నం" అంది ఖాలా. "రాసుకో."

"ఎందుకు?"

"మేం పోతుంటెనే నీకు పని గద బేటీ. ఈ వారం కొందరం పోతం, మల్ల వస్తం. వచ్చే వారం ఇంకొందరు పోతరు. నువ్వు రాసుకుంట కూసో."

నా కళ్లు మసకబారాయి, దాంతో పాటే కోపం కూడా నెత్తికెక్కింది. "మీకు మతి గిట్ల పోయిందా? గా యంత్రం మల్ల యాదికొస్తది సేటుకు! మీ అందరి నౌకర్లు పోతయి! నడువుండ్రి లోపలికి!"

"తెస్తె తేనీ యంత్రం" అంది ఖాలా. "కారణం గడి ఉంటది గద నీ దగ్గర. గీ ఒక్కసారి లగ్గమని చెప్పం. నీ కోసం పోతున్నమని రాయి."

ఆ కారణం నేను రాయలేదు. అది రాస్తే నా కుర్చీ నిలుస్తుందేమో గానీ వాళ్ల బల్లలు పోతాయి. కలం పక్కన పెట్టి, బయటికి వెళ్లి, ఒక్కొక్కరినీ భుజం పట్టి హాల్లోకి తోశాను. తోస్తూ ఏడుస్తున్నాను, తిడుతున్నాను. నా కోసం ఎవరైనా ఏదైనా వదులుకుంటానని రావడం నా జన్మలో అదే మొదటిసారి. ఖాలాను తోయడానికి చేతులు రాలేదు. ఆమే నన్ను పట్టుకుంది.

ఈ గోలంతా మేనేజరుగారు కంప్యూటరు గది గుమ్మంలో నిలబడి విన్నారట. నేను చూడలేదు. సేటు కారు లోపలికి రాగానే ఆయన వట్టి కాళ్లతోనే ఎదురు వెళ్లారు. నేను కళ్లు తుడుచుకుని చూసేసరికి ఇద్దరూ నా గది ముందే ఉన్నారు.

"సార్, ఈ అమ్మాయిని ఇప్పుడే పంపడం మంచిది కాదండీ" అన్నారు మేనేజరుగారు. "వచ్చేది మాఘమాసం. జనం మళ్లీ వెళ్లిపోవడం మొదలవుతుందండీ. లెక్క చూసేవాళ్లు కావాలి."

"ఎందుకు పోతరు?"

"పెళ్లిళ్లండీ."

"ఎవరి లగ్గాలు?"

మేనేజరుగారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన నా వంక చూడలేదు, హాలు వంకా చూడలేదు. మంఖాల్‌లో దండ పట్టుకుని నిజం చెప్పిన మనిషి, నేల చూపులు చూస్తూ, గొంతు సవరించుకుని, "అందరివీనండీ" అన్నారు.

సేటు హాలు వైపు చూశాడు. కిటికీల నిండా రంగురంగుల తలగుడ్డలు, నారింజ నుదుళ్లు. అందరూ ఇటే చూస్తున్నారు. ఆయన "గట్లనా? అయితె ఉండనీ" అని లోపలికి నడిచాడు.

ఆ మాఘంలో మా కంపెనీలో ఎవరూ పెళ్లికని పని మానలేదు. ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్లు నేను అదే కిటికీ దగ్గర కూర్చున్నాను. అమ్మ మళ్లీ దవాఖాన మెట్లెక్కలేదు. ఎన్ని లగ్గాలు అయ్యాయని సేటు ఏనాడూ మమ్మల్ని అడగలేదు.